సమీప దర్శనం

రాయలసీమలో వానను గురించి చెప్పదలచినవాడు ముందుగా ఎండను గురించి చెప్పవలసి ఉంటుంది. బేతంచెర్ల ప్రాంతం అందుకు మంచి ఉదాహరణ. పూర్వం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఊరి పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది నాపరాయి. ఎందరి ఇళ్ళలోనో, ఎన్నో మండపాలలోనో మన పాదాల క్రింద చల్లగా పరచుకొని ఉన్న బండలు ఇక్కడి గనులలో నుండి వెళ్ళినవే. వేసవిలో ఆ రాయే నిప్పుల మీది పెనమవుతుంది. కర్నూలు ప్రాంతానికి సాలుసరి వర్షపాతం సగటున సుమారు 670 మిల్లీమీటర్లని లెక్కలు చెబుతున్నాయి. లెక్కలో కనబడినంత నమ్మకంగా అది నేలమీద కనబడదు. ఒక ఏడు కురిసి, మరొక ఏడు మొగం చాటుచేసే ఆ వానకోసం ఇక్కడి మనిషే కాదు, మన్నులోని పురుగు కూడా కాచుకొని ఉంటుంది.

మృగశిర కార్తె గడచి, జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ప్రవేశించిన పిదప మంచి వాన ఒకటి కురిసి వెలిసినదనుకొందాం. మరునాటి ఉదయం చేలగట్ల మీద, గడ్డిపరకల మధ్య, ఎవరో కుంకుమ చల్లినట్లు ఎర్రని చుక్కలు కదలుతూ ఉంటాయి. వాటినే మనవారు ఆరుద్ర పురుగులన్నారు. సంస్కృతంలో ఇంద్రగోపమన్నారు, వానకు అధిపతి అయిన ఇంద్రుడు రక్షకుడుగా కలది అని ఆ మాటకు అర్థం. మఖమలు గుడ్డ కత్తిరించి చేసినట్లుండే దాని మేను ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. పురుగని పిలుస్తున్నామే గాని దానికి ఎనిమిది కాళ్ళు. కనుక శాస్త్రజ్ఞులు దానిని కీటకాలలో గాక సాలెపురుగు బంధువర్గంలో చేర్చారు. ఏడాదిలో అధికభాగం అది మట్టిలోనే దాగి ఉంటుంది. తొలివానలకు పైకి వచ్చి, ఆహారం వెదకుకొని, జతకూడి, గ్రుడ్లు పెట్టి మరల కనుమరుగవుతుంది. చిన్న పురుగులను, వాటి గ్రుడ్లను తినేది కనుక రైతుకు మేలు చేసేదే. అది కనబడితే విత్తనానికి అదను వచ్చిందని పెద్దల నమ్మకం. తాకితే కాళ్ళు ముడుచుకొని చచ్చినట్లు పడి ఉంటుందన్న సంగతి ఈ సీమలో బాల్యం గడపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

శ్రీమద్భాగవత దశమస్కంధంలో ఇరువదవ అధ్యాయం చదివినవారికి ఈ దృశ్యం పరిచితమే. శుకమహర్షి శ్రీకృష్ణుని లీలలు చెబుతూ చెబుతూ, బృందావనంలో వచ్చిన వర్షర్తువును, దాని వెంట వచ్చిన శరత్తును వర్ణించడానికి ఒక అధ్యాయమంతా వెచ్చించాడు. పచ్చని పచ్చికను, ఎర్రని ఇంద్రగోపాలను, గొడుగులు పట్టినట్లు మొలచిన పుట్టగొడుగులను అందులో చూపించాడు. వినేవాడు ఎవరు? ఏడు దినాల ఆయువు మాత్రమే మిగిలి ఉన్న పరీక్షిత్తు. అటువంటి శ్రోత కాలంలో కొంత భాగాన్ని పురుగుకు, పుట్టగొడుగుకు కేటాయించడం వ్యర్థమని శుకుడు అనుకోలేదు. ఇంత చిన్నవాటిని చెప్పాలంటే వాటిని ముందు ఎవరో వంగి చూచి ఉండాలి కదా!

ఆ వంగి చూడడమనే పనికి ఈనాడు కెమెరా తోడయింది. వాన వెలిసిన తరువాత చిన్న ప్రాణులను, నీటిబొట్లను అతి సమీపం నుండి ఫొటో తీయడం ఒకప్పుడు ఖరీదైన కటకాలు కొనగలిగిన కొద్దిమంది పని. ఇప్పుడు సెల్‌ఫోనుకు తగిలించే చిన్న కటకంతోనే పల్లెలోని కళాశాల విద్యార్థి కూడా ఆ లోకంలో అడుగుపెడుతున్నాడు. బేతంచెర్లకు చేరువలో వెలసిన మద్దిలేటి నరసింహస్వామి సన్నిధికి వానాకాలంలో వెళ్ళే యాత్రికులలో సైతం, దర్శనం ముగించుకొని వస్తూ, దారి ప్రక్క ఆకు మీది నీటిబొట్టు ముందు ఆగిపోయి ఫోను తీసే యువకులు ఉంటారు. కూడా వచ్చిన పెద్దలు విసుగుకొంటారు. ఇది వట్టి కాలక్షేపమా, లేక ఇది కూడా ఒక విధమైన దర్శనమా? దర్శనమే అయితే, కోవెలలో దర్శనానికి ఉన్నట్లు దీనికి కూడా నియమాలు ఉండవలసినదేనా?

ఈ పనిలో ఉన్న సాధనను ముందుగా గుర్తించడం న్యాయం. వస్తువు తన అసలు పరిమాణంలోనే కెమెరా లోపలి ఫలకం మీద పడేటంత దగ్గరకు కటకాన్ని తీసికొనిపోయినప్పుడు, బొమ్మలో స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. ఆరుద్ర పురుగు ముఖం స్పష్టమైతే వీపు మసకబారుతుంది. వీపు కుదిరితే కాళ్ళు కరగిపోతాయి. ఆ కొలత తప్పడానికి తీసేవాని ఊపిరి చాలు. అందుచేత అతడు తడినేల మీద బోర్లా పడుకొని, మోచేతులు భూమికి ఆనించి, ఊపిరి బిగబట్టి, గాలి నిలిచే క్షణం కోసం వేచి ఉండాలి. ధ్వజస్తంభం ముందు సాష్టాంగపడినవాని భంగిమకు, దీనికి చూపులకు పెద్ద భేదం లేదు. ఎప్పుడూ నిలువునా నిలబడి క్రిందికి చూచే అలవాటున్న మనిషిని ఒక పురుగు నేలకు దించింది.

నీటిబొట్టు సంగతి మరింత విచిత్రం. గడ్డిపరక చివర వ్రేలాడే బొట్టు తానే ఒక కటకం. దాని వెనుక ఉన్న తంగేడు పూవు, కొండ, ఆకాశం అన్నీ అందులో తలక్రిందులుగా, అతి చిన్నవిగా ఇమిడి ఉంటాయి. నేర్పుగల ఫొటోగ్రాఫరు బొట్టును కాక బొట్టు లోపలి బొమ్మను తన కటకంతో పట్టుకొంటాడు. విష్ణుసహస్రనామాలలో అణువన్న పేరూ, బృహత్తన్న పేరూ ప్రక్కప్రక్కనే ఉన్నవన్న సంగతి నిత్యపారాయణ చేసేవారికి తెలుసు. కొండనంతటినీ మోస్తున్న ఆ బొట్టును చూచినప్పుడు ఆ రెండు పేర్లు ఎందుకు ఇరుగుపొరుగులయ్యాయో కొంచెం తోస్తుంది.

తామరాకు మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గీతాచార్యుడు అయిదవ అధ్యాయంలో కర్మ చేస్తూనే కర్మ అంటనివానికి తామరాకును ఉపమానంగా తెచ్చాడు. ఆ ఆకు అంత నునుపైనది కనుకనే నీరు నిలవదని మనం చిన్ననాటి నుండి అనుకొంటూ వచ్చాము. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్త్‌లాట్ 1970ల నుండి ఆకుల ఉపరితలాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించి, 1997లో మరొక శాస్త్రజ్ఞునితో కలసి ప్రకటించిన దానిని బట్టి సంగతి సరిగ్గా తలక్రిందులు. తామరాకు నునుపు కాదు, గరుకు. కంటికి కనబడని బొడిపెలు ఆకంతటా ఉన్నాయి. వాటిమీద సన్నని మైనపు రేణువుల పూత ఉన్నది. నీటిబొట్టు ఆ బొడిపెల కొనల మీదనే నిలిచి, లోపలికి దిగలేక, దుమ్మును కూడా తనతో దొర్లించుకొని పోతుంది. ఉపమానం చెక్కుచెదరలేదు. దానిని మనం అర్థం చేసికొన్న తీరు మాత్రం మారవలసి వచ్చింది. దేనికీ అంటకుండా ఉండడమంటే ఏ గరుకూ లేని నున్నని బ్రతుకు గడపడమని అనుకొనేవారు ఆ ఆకును ఒకసారి దగ్గరగా చూడడం మంచిది.

కెమెరాకు అందనిది కూడా ఒకటి ఉన్నది. అది తొలివానకు లేచే మట్టివాసన. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండకాలమంతా రాతి రేణువులను, మట్టిని పట్టుకొని ఉన్న తైలం వంటి పదార్థాలు తడి తగలగానే గాలిలోకి లేస్తాయని వారు వివరించారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో ఆ వాసననే అత్తరుగా దింపేవారు ఈనాటికీ ఉన్నారు. భూమిలోని పుణ్యగంధం తానేనని చెప్పుకొన్న స్వామి ఆ ఒక్క విభూతిని మాత్రం ఫొటోకు దొరకకుండా దాచుకొన్నాడు.

ఇంతవరకు బాగున్నది. ప్రాణి కదలడం మొదలుపెట్టినప్పుడే చిక్కంతా వస్తుంది. నీటిబొట్టు వలె పురుగు మన సౌకర్యం చూచుకొని నిలబడదు. అప్పుడు తీసేవానిలో ఓర్పు నశించి యుక్తి పుడుతుంది. కొందరు పురుగును డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరుస్తారు. చలికి మందగించి అది బొమ్మ వలె కూర్చుండిపోతుంది. కొందరు పుల్లతో ఎత్తి తమకు నచ్చిన పూవు మీద పెడతారు, ఆ పూవుకు దానికి ఏ సంబంధం లేకపోయినా. దారంతో కట్టి, జిగురుతో అంటించి తీసిన బొమ్మలను గురించి ఈ కళను ప్రేమించేవారిలోనే తీవ్రమైన వాదాలు జరిగాయి. గూటిలోని పక్షిపిల్లలు బాగా కనబడాలని చుట్టూ ఉన్న ఆకులను, రెమ్మలను త్రుంచడం మరొక పద్ధతి. నీడ పోయి ఎండ తగులుతుంది, కాకికి, పాముకు దారి దొరుకుతుంది. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. పిల్లలు మాత్రం బ్రతికి బట్టకట్టడం కష్టం.

ఈ సందర్భాలన్నిటిలో అడగవలసిన ప్రశ్న ఒకటే అని నాకు తోస్తున్నది. ఈ చూపుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? తడినేల మీద పడుకొన్నవాడు తన బట్టలతో, తన మోచేతులతో, తన ఉదయపు వేళతో తానే చెల్లిస్తున్నాడు. ఫ్రిజ్‌లో పెట్టినవాడు ఆ మూల్యాన్ని పురుగు చేత చెల్లింపజేస్తున్నాడు. ఏడాదంతా మన్నులో కాచుకొని కొద్దికాలం మాత్రమే నేలపైకి వచ్చిన ప్రాణికి ఒక పూట ఎంత విలువైనదో ఆలోచించాలి. ఆ పూటలోనే దాని తిండి, దాని జత, దాని సంతతి ఉన్నాయి. మన బొమ్మకు అది ఇచ్చినది ఒక పూట కాదు, ఒక సంవత్సరమే కావచ్చును.

విశిష్టాద్వైత సిద్ధాంతంలో చేతనాచేతనాలన్నీ పరమాత్మకు శరీరం, ఆయన శరీరి. శరీరమంటే ఆయన ఆధారంగా నిలిచి, ఆయన కోసమే ఉన్నది, ఆయనకు శేషభూతమైనది. ఈ మాటను మన విషయంలో చెప్పుకోవడం మనకు అలవాటు. దానిని పురుగుకు కూడా వర్తింపజేసినప్పుడే చిక్కు. అది నాకోసం పుట్టినది కాదు, నా బొమ్మ కోసం అంతకంటె కాదు. దాని యజమాని మరొకరు. ఆ యజమాని ఇంటికి అతిథిగా వెళ్ళినవాడు అక్కడి వస్తువులను తన ఇష్టం వచ్చినట్లు జరపరాదు. అహోబిలం ఉన్న జిల్లాలో పుట్టినవారికి, స్తంభంలో ఉన్నవాడు గడ్డిపరక క్రింద కూడా ఉన్నాడని వేరే చెప్పాలా?

మహాభారత ఆదిపర్వంలో మాండవ్య మహర్షి కథ ఉన్నది. దొంగలు తన ఆశ్రమంలో సొత్తు దాచిన పాపానికి ఏ నేరమూ చేయని ఆ మహర్షిని రాజభటులు కొరత వేశారు. తపోబలంతో ప్రాణాలు నిలుపుకొన్న ఆయన యమధర్మరాజు వద్దకు వెళ్ళి, తనకు ఈ శిక్ష ఏల కలిగినదని నిలదీశాడు. బాల్యంలో నీవు పురుగుల తోకలలో గడ్డిపుల్లలు గ్రుచ్చి ఆడుకొన్నావని యముడు చెప్పాడు. తెలియనితనంలో చేసిన చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని మాండవ్యుడు ఆగ్రహించి, యముని భూలోకంలో జన్మించమని శపించాడు. పదునాలుగేండ్ల లోపల చేసిన దానికి పాపం అంటదని హద్దు ఏర్పరచాడు. ఆ శాపం వల్లనే విదురుని జననం. ఈ కథలో నన్ను ఆకర్షించేది విదురుని పుట్టుక కాదు. శిక్ష అతిగా ఉన్నదన్న మాండవ్యుని వాదం నెగ్గింది. చేసినది తప్పే కాదన్న వాదం మాత్రం ఆ మహర్షి కూడా చేయలేదు. పుల్ల గ్రుచ్చిన బాలునికి కోపం లేదు, ఆకలి లేదు, కేవలం వినోదం. ఇక కెమెరా పట్టిన వారిలో పదునాలుగేండ్లు దాటనివారు ఎందరుంటారు?

బేతంచెర్ల ప్రక్క పల్లెలో ఒక రైతుతో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన నవ్వి, “ఏంది సామీ, నాగలి కింద ఎన్ని పోతాయో లెక్కుందా? మందు కొడితే ఎన్ని సస్తాయి? ఒక్క ఫోటోకేం పాపమొస్తాది?” అన్నాడు. ఈ మాటను త్రోసిపుచ్చడానికి వీలులేదు. ఒక ఎకరం దున్నినప్పుడు పోయే ప్రాణులతో పోలిస్తే ఫొటోగ్రాఫర్లందరూ కలసి చేసే హాని లెక్కకు రాదు. అయితే మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ఎన్నడో గమనించారు. గృహస్థు ఇంట అయిదు హింసాస్థానాలున్నాయన్నారు: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వాటిని మానుకొని ఎవడూ బ్రతుకలేడు కనుక, ఆ దోషానికి పరిహారంగా నిత్యం పంచమహాయజ్ఞాలు చేయమని విధించారు. అంటే అన్నం కోసం జరిగే హింసను వారు లేదని బుకాయించలేదు, ఉన్నదని ఒప్పుకొని దానికొక ఋణం కట్టారు. నాగలి ఆ కోవలోనిది. వినోదం కోసం జరిగే హింసకు అటువంటి వెసులుబాటు ఏదీ వారు కల్పించలేదు. రైతు పదిమందికి అన్నం పెడుతూ చేసిన పనిని చూపించి, అన్నంతో పనిలేని నేను నా ముచ్చటను సమర్థించుకోవడం న్యాయం కాదు. ఆయనకు అంత వివరంగా చెప్పలేదనుకోండి. చెప్పినా, నాగలికి పనివేళ దాటిపోయేది.

హింస వేరు, అసత్యం వేరు. రెండిటినీ కలిపి మాట్లాడడం వల్ల గజిబిజి ఏర్పడుతున్నది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహణలో భాగస్వామిగా ఉన్న వన్యప్రాణి ఫొటోల పోటీలో 2009 సంవత్సరపు ప్రథమ బహుమతి, తలుపు మీదుగా దూకుతున్న తోడేలు బొమ్మకు లభించింది. అది అడవి తోడేలు కాదు, మచ్చికైనది అయి ఉండవచ్చునని న్యాయనిర్ణేతలు నిశ్చయించి 2010 జనవరిలో బహుమతిని రద్దుచేశారు. అదే పోటీలో 2017లో బహుమతి పొందిన మరొక బొమ్మలో, చెదపుట్ట దగ్గరకు వస్తున్న చీమలదిండి జంతువు బ్రతికినది కాదని, చర్మంలో దూది కూరి నిలిపిన బొమ్మ అని 2018లో అలాగే త్రోసివేశారు. తీసినవారు ఇద్దరూ ఆ నిర్ణయాలను అంగీకరించలేదు. గమనించవలసినది ఏమంటే, రెండు సందర్భాలలోనూ ఏ ప్రాణికీ హాని జరిగినట్లు ఆరోపణ లేదు. చచ్చిన జంతువుకు మరల జరిగే హాని ఏమున్నది? అయినా దోషం దోషమే అన్నారు. చూచేవాడు ఆ బొమ్మను నమ్మి ఆశ్చర్యపడ్డాడు. ఆ ఆశ్చర్యానికి ఆధారం లేకుండాపోయింది. అక్కడ మూల్యం చెల్లించినవాడు చూపరి.

అందుకే పిచికారీ సీసాతో ఆకు మీద నీళ్ళు చల్లి ‘వాన వెలిసిన వేళ’ అని పేరు పెట్టే చిన్న మోసాన్ని గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. ఇందులో ఎవరికీ నొప్పి లేదు నిజమే. కోనసీమలోనో, కేరళలోనో అయితే నవ్వి ఊరుకోవచ్చు. వానకోసం మొగం ఎత్తి మూడు నెలలు ఆకాశాన్ని చూచే సీమలో, మార్చి నెలలో సీసాతో చల్లి వాన కురిసిందని చెప్పడం, ఆకలిగొన్నవాని ముందు మైనపు లడ్డు పెట్టడం వంటిది. నీళ్ళు చల్లానని వ్రాసి ప్రకటిస్తే ఏ చిక్కూ లేదు. ఆ ఒక్క మాట వ్రాయడానికే చాలామందికి చేయి రాదు.

హింస లేదు, అసత్యం లేదు. ప్రాణిని తాకలేదు, ఉన్నది ఉన్నట్లే తీశాడు. అప్పటికైనా దోషం తీరినట్లేనా? మన నల్లమల సాలీడు కథ విన్న తరువాత అలా అనడానికి ధైర్యం చాలదు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికిన ఒక సాలీడును వర్ణించి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నెమలికంఠం వంటి నీలిరంగుతో మెరిసే పెద్ద సాలీడు అది. కలపతోపాటు రైలులో వచ్చి గుత్తిలో దిగినదే గాని దాని స్వస్థలం అది కాదు. ఆ తరువాత సుమారు నూరేండ్లు దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు నడుమ ఉన్న అడవిలో, చెట్ల తొర్రలలో అది మరల కనబడింది. దాని నివాసమని తెలిసిన చోటంతా కలిపి నూరు చదరపు కిలోమీటర్లకు లోపే. ఆ నీలిరంగు చిత్రాలు లోకమంతా తిరిగాయి. పాశ్చాత్య దేశాలలో అటువంటి సాలీళ్ళను ఇంట పెంచుకొనే వేడుక ఉన్నది. దానికి వ్యాపారం ఉన్నది. అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ పట్టికలో అది 2008లో చేరింది. ఆ సాలీళ్ళ ప్రజాతి అంతటినీ 2019లో వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం క్రిందికి తెచ్చారు. ఇక్కడ దాని అందమే దానికి శత్రువయింది. ఏ చెట్టు తొర్రలో ఉన్నదో తెలిపే ఫొటో, అది ఎంత నిజాయితీగా తీసినదైనా, దొంగ చేతికి ఇచ్చిన చిరునామా. సెల్‌ఫోనుతో తీసిన బొమ్మలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దానంతట అదే నమోదయ్యే ఏర్పాటు ఉన్నదని, దానిని ఆపివేయవచ్చునని చాలామందికి తెలియదు.

దీనికి శ్రీవైష్ణవులు వెంటనే అడుగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరులో గురువు వద్ద పదునెనిమిది పర్యాయాలు తిరిగి సంపాదించిన రహస్యార్థాన్ని గోపురమెక్కి అందరికీ ప్రకటించలేదా? మంచిదని తెలిసిన దానిని దాచడం లోభం కాదా? సృష్టిలోని అందాన్ని పదిమందికి చూపడం పుణ్యమే అయినప్పుడు చోటు మాత్రం ఏల దాచాలి? నేను ఈ ప్రశ్నను చాలాకాలం త్రిప్పి త్రిప్పి ఆలోచించాను. ఆ కథలోని ముఖ్యమైన మాట ఆ తరువాత వస్తుంది. రహస్యం బయటపెడితే నరకం తప్పదని గురువు హెచ్చరించాడు. ఇందరు తరించేటట్లయితే నేనొక్కడినే నరకానికి పోతానని ఆయన సిద్ధపడ్డారు. ప్రకటనకు మూల్యం ప్రకటించినవారే చెల్లించడానికి ముందుకు వచ్చారు. సాలీడు చిరునామా ప్రకటించినవాడికి కలిగేది మెప్పు. నరకానికి పోయేది సాలీడు. గోపురమెక్కడం రెండు చోట్లా ఒకటే అయినా, పోలిక అక్కడితో ఆగిపోతుంది.

మరొక సంగతి కూడా ఆ కథలో ఉన్నది: పదే పదే వట్టి చేతులతో తిరిగి రావడం. ఒక్క వాన వెలిసిన ఉదయాన, ఒక్క గంటలో, తాను కోరిన బొమ్మ దొరికి తీరాలని పట్టుబట్టేవాడే ఫ్రిజ్ తలుపు తీస్తాడు. ఖాళీగా తిరిగి రావడం తెలిసినవానికి దాని అవసరం కలుగదు.

మన భాషలో ఫొటో ‘తీస్తాము’. ముల్లు తీస్తాము, తేనె తీస్తాము, ప్రాణం తీస్తాము. ఉన్నచోటి నుండి వెలికి లాగడమే ఆ మాటకు అర్థం. అవతలివాడు మాత్రం ఫొటో ‘దిగుతాడు’. పెండ్లిలో, తిరునాళ్ళలో, కొండకు వెళ్ళి వచ్చినప్పుడు మనమంతా వరుసగా నిలబడి, బట్టలు సవరించుకొని, ఇష్టపడి ఫొటో దిగుతాము. ఇవతల ఒకరు తీయడం, అవతల ఒకరు దిగడం, రెండూ కలిస్తేనే ఆ పని పూర్తి అని ఆ నుడికారం కల్పించినవారు ఎంత చక్కగా గ్రహించారో! పురుగు ఫొటో దిగదు. దాని వద్ద నుండి తీయడమే ఉన్నది.

అయితే దిగిన సందర్భం ఒకటి కడప జిల్లాలోనే ఉన్నది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి తెలిపాడు. ఆ రోజులలో పక్షిని ఎరుగడమంటే తుపాకితో కొట్టి చర్మం భద్రపరచడమే. ఆ లెక్కన కెమెరా ఎంత దయగలదో మరువరాదు. 1900 తరువాత ఆ పక్షి కనబడలేదు, ఇక లేదనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద పొదల మధ్య రాత్రివేళ అది దొరికింది. పగలు దాగి, చీకటిలో తిరిగే ఆ బిడియపు పక్షిని వెంబడిస్తే బెదరి పోతుంది. అందుచేత ఈ శతాబ్ది ఆరంభంలో పరిశోధకులు మరొక మార్గం ఎన్నుకొన్నారు. పొదల నడుమ నేల మీద మెత్తని మట్టిని పట్టీలుగా పరచి అడుగుజాడలు పడే ఏర్పాటు చేశారు. తమంతట తామే పనిచేసే కెమెరాలను అక్కడ అమర్చి తాము వెళ్ళిపోయారు. మనిషి లేడు, దీపం పట్టి తరుమలేదు. రాత్రి ఏ వేళనో కలివికోడి తన పనిమీద తాను నడచుకొంటూ ఆ కెమెరా ముందుకు వచ్చి, ఫొటో దిగి, పొదలలోకి వెళ్ళిపోయింది.